గడ్డి అల్లికను లోహంలో పోస్తే అది ఆబొరిజినల్ కళ అవుతుందా?

ప్రశ్న: మేం అడిలైడ్ దక్షిణ శివారులో ఉంటాం. దగ్గర్లోని పార్కులో కౌన్సిల్ వాళ్లు పెద్ద లోహపు శిల్పం పెట్టారు. ఆబొరిజినల్, అంటే ఆస్ట్రేలియా ఆదివాసుల, అల్లిక కళ అని బోర్డు మీద రాశారు. నాకైతే పెద్ద చేపల బుట్టలా కనిపించింది. గడ్డితో అల్లేదాన్ని లోహంతో చేస్తే అది వాళ్ల కళ ఎలా అవుతుంది? లైబ్రరీలో అల్లిక నేర్పుతారట, పిల్లల్ని తీసుకుని వెళ్లొచ్చా? మా తెలుగు సంఘం బతుకమ్మ వేడుకలో అలాంటి వర్క్‌షాప్ పెడితే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుందా?

సమాధానం:

చేపల బుట్టలా ఉందని కాస్త మొహమాటపడుతూ రాశారు గానీ, బహుశా అది చేపల బుట్టే అయి ఉంటుంది. ఇక్కడ బయట పెట్టే అల్లిక శిల్పాల్లో చాలావాటికి మూలం చేపల వలో, మోసుకెళ్లే సంచో, లేదంటే మన దగ్గర మలుగుపాము అంటామే, ఆ ఈల్‌ను పట్టే పొడవాటి బుట్టో. గుళ్లో పెట్టే వస్తువులు కావివి. అన్నం పెట్టిన వస్తువులు.

నా పని పబ్లిక్ ఆర్ట్‌ను బిగించడం, పాడైతే బాగుచేయడం. క్రేన్ దించిన శిల్పం కింద బోల్టులు బిగించే జట్టులో ఉంటాను తప్ప, ప్రారంభోత్సవంలో మాట్లాడేవాళ్లలో కాదు. అందుకని కళా విమర్శ కన్నా పని వైపు నుంచే చెబుతాను. ఒక అల్లిక శిల్పం ముందు నిలబడితే నేను ముందు చూసేది పదార్థం కాదు, అల్లేవాళ్లు ఆ పనిలో ఎంతదాకా ఉన్నారన్నది. మీ మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

ముందు మీ చుట్టుపక్కల సంగతి. అడిలైడ్ నగరం ఉన్న నేల గార్నా ప్రజలది. ఈ ప్రాంతంలో మీకు ఎక్కువగా కనిపించే చుట్ట అల్లిక మాత్రం వాళ్ల పొరుగువాళ్లు నరింజెరి ప్రజలది. మర్రే నది చివరి భాగం, అలెగ్జాండ్రినా సరస్సు, సముద్రం ఒడ్డు వెంబడి పొడవునా సాగే కూరాంగ్ ఉప్పుకయ్య, ఇదంతా వాళ్ల సీమ. పర్సులో 50 డాలర్ల నోటు ఉంటే తీసి చూడండి. దాని మీదున్న డేవిడ్ యునైపన్ 1872లో పుట్టింది ఆ సీమలోనే, ఇప్పుడు రౌకన్ అనే ఊళ్లో. అప్పట్లో అది పాయింట్ మెక్లే మిషన్, అంటే క్రైస్తవ మిషనరీలు ఆబొరిజినల్ ప్రజల కోసం నడిపిన స్థావరం. కాబట్టి అడిలైడ్‌లో నరింజెరి అల్లికతో శిల్పం పెట్టాలంటే అల్లినవాళ్ల అనుమతి ఒక్కటే చాలదు, ఆ నేల గార్నా వాళ్లదన్న మర్యాద కూడా పాటించాలి. మీ పార్కులో బోర్డు మీద రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ పని చేసినవాళ్లు కాస్త ఆలోచించి చేశారన్నమాట.

వాళ్లు అల్లేది ఒక రకం తుంగతో. ఇది పోలిక కాదు, వృక్షశాస్త్రం ప్రకారం కూడా అది మన తుంగ ఉన్న సైపరస్ ప్రజాతిలోదే. ముదిరిన కాడలు ఎంచి తీసి ఆరబెడతారు. అల్లబోయే ముందు తడిగుడ్డలో చుట్టి మెత్తబరుస్తారు. కొన్ని కాడల్ని కట్టగా పట్టుకుని, ఒక కాడను సూదిలోకి ఎక్కించి, ఆ కట్టను చుట్టి కుడుతూ మధ్య నుంచి బయటికి చుట్ట మీద చుట్టగా పెంచుకుంటూ పోతారు. ప్రతి కుట్టూ లోపలి వరుసలోని కుట్టును పట్టుకోవాలి. కట్ట పలచబడుతోందనిపించిన చోట కొత్త కాడ జొనపాలి. అలవాటైనవాళ్లు కబుర్లు చెబుతూ చేసేస్తారు. కొత్తవాళ్లకు మొదటి గంటలో తయారయ్యేది వంకరటింకర ముద్ద.

ఆ కబుర్లను చిన్నచూపు చూడకండి. చేతులు కుట్టుమీద ఉంటే కళ్లు కిందికి ఉంటాయి, నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. ఎవరు ఎవరి మనవరాలు, ఏ చెరువు గట్టున తుంగ ఎప్పుడు ముదురుతుంది, ఎవర్ని ఏ ఏట మిషన్ వాళ్లు తీసుకుపోయారు, ఇవన్నీ అక్కడే ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. పిల్లల్ని కుటుంబాల నుంచి విడదీసిన దేశం ఇది. అలాంటిచోట అత్తలూ అమ్మమ్మలూ ఒక చోట కూర్చుని అల్లడమంటే తెగిన చుట్టరికాలను మళ్లీ పట్టుకోవడం కూడా.

ఈ కుట్టు దాదాపు పోయేదాకా వచ్చింది. 1982లో డోరతీ కార్టిన్యెరి అనే నరింజెరి పెద్దావిడ నేర్పిన వర్క్‌షాప్‌లో నేర్చుకున్నవాళ్లలో ఇవోన్ కూల్‌మేట్రీ ఒకరు. పదిహేనేళ్లు తిరిగేసరికి, 1997లో, వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆస్ట్రేలియా తరఫున నిలిచిన ముగ్గురు ఆబొరిజినల్ మహిళల్లో ఆవిడ ఉన్నారు. జూడీ వాట్సన్, ఎమిలీ కామె న్వారే మిగతా ఇద్దరు. కూల్‌మేట్రీ ఈల్ బుట్టలు అల్లారు, విమానాలూ అల్లారు. విమానం ఏమిటంటారా? 1942లోనే జానెట్ వాట్సన్ అనే నరింజెరి మహిళ తుంగతో విమానం అల్లింది. అది సౌత్ ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఉంది. ‘సంప్రదాయం అంటే పాతది పాతగా ఉండటం’ అనేవాళ్లు ఎవరైనా తగిలితే ఆ విమానం సంగతి చెబుతుంటాను.

కూల్‌మేట్రీని ఇబ్బంది పెట్టింది తుంగ దొరక్కపోవడం. నదికి ఎగువన ఆనకట్టలు, సాగు, పశువులు, ఇళ్ల స్థలాలు. దిగువన సముద్రపు నీరు సరస్సుల్లోకి రాకుండా 1940 నాటికి కట్టిన బ్యారేజీలు. నీటి మట్టం, ఉప్పు మారిపోయాయి, తుంగ పెరిగే చిత్తడి కుదించుకుపోయింది. ప్రకాశం బ్యారేజీ పక్కన పెరిగినవాళ్లకు నది మీద కట్టే ప్రతిదానికీ లాభనష్టాలు రెండూ ఉంటాయని వేరే చెప్పాలా? అందుకే శిల్పంతో పాటు పార్కులో తుంగ మడి కూడా వేయమని, కోసుకునే హక్కు అల్లేవాళ్లకు రాసివ్వమని నేను ప్రతి మీటింగులో అంటుంటాను. శిల్పానికి పెట్టే ఖర్చులో అది చిల్లర. అయినా అన్నిసార్లూ వినరు.

ఇక లోహం గొడవ. గడ్డి బయట నిలవదు. ఎండకు పెళుసవుతుంది, వానకు బూజు పడుతుంది, పోసమ్‌లు పీకుతాయి, పక్షులు గూళ్లకు ఎత్తుకుపోతాయి. మ్యూజియంలో పురుగు పట్టిన బుట్టను కవరులో చుట్టి రోజుల తరబడి డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతారు, పురుగు చస్తుంది. పార్కులో ఆ వీలు లేదు. పైగా కౌన్సిల్ కాంట్రాక్టులో శిల్పం ఏళ్ల తరబడి నిలవాలని ఉంటుంది. పిల్లలు ఎక్కినా వంగకూడదు, అంచులు గీసుకోకూడదు, తల ఇరుక్కునే సందులు ఉండకూడదు. ఈ షరతులన్నీ దాటేసరికి మిగిలేవి కంచు, అల్యూమినియం, తుప్పురంగు స్టీలు.

లోహంలోకి మార్చే దారులు అన్నీ ఒకటి కాదు. నాకు బాగా నచ్చేది కాల్చి పోసే పద్ధతి. అల్లిన వస్తువుకు మైనం పట్టించి, చుట్టూ అచ్చుమట్టి పోసి, కొలిమిలో పెడతారు. మైనంతో పాటు లోపలి గడ్డీ కాలిపోతుంది. ఆ ఖాళీలోకి కంచు పోస్తే ప్రతి కుట్టూ, కాడ మీది గీతతో సహా వచ్చేస్తుంది. అంటే ఒక మనిషి వారాల తరబడి అల్లింది బూడిదైతేనే కంచుది పుడుతుంది. కొందరు దానికి సంతోషంగా ఒప్పుకుంటారు, అల్లిక మళ్లీ అల్లుకోవచ్చు కదా అంటారు. కొందరు ససేమిరా అంటారు, ఆ బుట్ట ఫలానా పెద్దావిడతో కూర్చుని అల్లింది కాబట్టి. ఏదైనా నిర్ణయం వాళ్లది. ఫౌండ్రీలో ఆ బుట్ట కొలిమిలోకి వెళ్లే రోజు అల్లినావిడ కూడా అక్కడ ఉండేలా చూడాలని నా పట్టుదల. ఇంకో దారి, బుట్టను స్కాన్ చేసి పది రెట్లు పెంచి పోయడం. పని శుభ్రంగా వస్తుంది, కానీ పెంచేటప్పుడు ఇంజినీరు చేతి పనిలోని తేడాలు సర్దేసి కుట్లన్నీ సమానం చేస్తాడు. అక్కడ పోట్లాడాలి.

బాగా కుదిరినదానికి ఉదాహరణ కావాలంటే బ్రిస్బేన్ వెళ్లినప్పుడు గోమా గ్యాలరీ బయట ఆగండి. వాన్యీ ప్రజలకు చెందిన జూడీ వాట్సన్, పైన వెనిస్ దగ్గర చెప్పిన ఆవిడే, 2016లో అక్కడ ‘టో రో’ అనే కంచు శిల్పం పెట్టారు. బ్రిస్బేన్ ప్రాంతపు ఆబొరిజినల్ ప్రజలు చేపలు పట్టిన వల రూపం అది. నది పక్కన, ఆ వలలు ఒకప్పుడు ఆడిన చోటికి దగ్గరగా నిలబెట్టారు. వల నీడ నేల మీద పడుతుంది. నదిలో వల లేదు కదా అని ఎవరికైనా అనిపిస్తే, ఎందుకు లేదో ఆలోచించే పని చూసేవాళ్లకే వదిలేశారు.

లోహమంటే వాళ్లది కాదనే మాటకు ఇంకో జవాబు లొరైన్ కానెలీ నార్తీ పని. వరడ్జెరీ అనే ఆబొరిజినల్ ప్రజల మూలాలున్న ఆవిడ పొలాల్లో పారేసిన తుప్పు తీగలు, ముళ్లకంచెలు, రేకులు ఏరుకొచ్చి నార్‌బాంగ్ అనే సంప్రదాయ సంచులు చేస్తారు. ఎవరి నేల చుట్టూ కంచె వేశారో వాళ్ల మనవరాలు ఆ కంచెతోనే సంచి చేసింది. ఇందులో గడ్డి పోచ లేదు. అయినా ఇది ఎవరి కళ అని ఎవరూ అడగరు.

మరి ఏది తప్పు? డిజైన్ కంపెనీ కంప్యూటర్‌లో అడ్డం నిలువు పట్టీల అల్లిక బొమ్మ గీసి, స్టీలు రేకు లేజర్‌తో కోయించి, చివర్లో ఒక పెద్దావిడను పిలిచి బోర్డు మీద పేరు వేయడం. దీన్ని పట్టుకోవడానికి నా దగ్గర ఒక చిట్కా ఉంది. శిల్పంలోని అల్లిక ఆ సీమ అల్లికేనా అని చూస్తాను. నరింజెరిది చుట్ట కుట్టు. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో పాండనస్ ఆకుతో, అంటే మన మొగలి జాతి చెట్టు ఆకుతో, రెండు పోచలు మెలేసి అల్లే పని ఎక్కువ. క్వీన్స్‌లాండ్ వానల అడవుల్లో బెత్తంతో రెండు కొమ్ములున్న జావున్ బుట్టలు చేస్తారు. విషపు గింజలు అందులో వేసి పారే నీళ్లలో ఉంచి విషం పోగొట్టుకునేవాళ్లు. అక్కడ గిరమే ప్రజలకు చెందిన అబే మురియాటా అనే ఆయన వాటిని అల్లుతారు, ఆడవాళ్ల పని అనే లెక్కేమీ లేదు. అలాంటిది ఎక్కడి శిల్పమైనా ఒకే రకం చాప అల్లికలా కనిపిస్తే, గీసినవాళ్లు ఎవరి పక్కనా కూర్చోలేదని నాకు అనుమానం.

అయితే పద్ధతి పాతదై ఉండాలన్న పట్టుదల కూడా పెట్టుకోవద్దు. మధ్య ఎడారిలో జాన్‌పి డెజర్ట్ వీవర్స్ అనే సంస్థ ఉంది, ఆడవాళ్లు నడిపే ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్‌లో భాగం. అక్కడి వాళ్లకు నెత్తిన మోతకు పెట్టుకునే మాంగురి అనే చుట్టకుదురు పాతది. గడ్డి బుట్టలు అల్లడం మాత్రం 1995లో వర్క్‌షాపులతో మొదలైంది. పదేళ్లకు, 2005లో, పాపులాన్‌కుట్యా ఊరి ఆడవాళ్లు గడ్డితో నిలువెత్తు టయోటా బండి చేసి జాతీయ ఆబొరిజినల్, టోరస్ స్ట్రెయిట్ ఐలాండర్ కళా పురస్కారాల్లో మొదటి బహుమతి కొట్టారు. ఎడారిలో టయోటా లేకపోతే చావుకూ పెళ్లికీ వెళ్లడం కష్టం, వాళ్లకది ఇంటి మనిషి లెక్క. అదే జాన్‌పి వాళ్లు చేసిన ఏడుగురు అక్కచెల్లెళ్ల బొమ్మలు 2017లో కాన్‌బెరాలోని నేషనల్ మ్యూజియంలో ‘సాంగ్‌లైన్స్’ ప్రదర్శనలో కనిపించాయి. ఆ ప్రదర్శన తర్వాత ప్లిమత్, బెర్లిన్, పారిస్ తిరిగింది. ఆ ఏడుగురూ మనం కృత్తికలు అనే నక్షత్రాలే. గడ్డి కోయడానికి వెళ్లడమంటే వాళ్లకు కథలో చెప్పిన చోట్లకు వెళ్లడం, పిల్లలకు ఆ చోట్లు చూపించడం, దారిలో వేటాడి వండుకోవడం. అమ్మిన బుట్ట డబ్బుతో బండికి పెట్రోలు వస్తుంది. నాకు తెలిసి సంస్కృతితో అనుబంధం అనే పెద్ద మాటకు ఇంత సూటి అర్థం ఇంకోటి లేదు.

వదిలేసిన అల్లికను మళ్లీ పట్టుకున్న మనిషి ఒకావిడ గురించి చెప్పి మీ వర్క్‌షాప్ సంగతికి వస్తాను. పశ్చిమ విక్టోరియాలో గుండిచ్‌మారా ప్రజలు రాళ్లతో కాలవలు, మడుగులు కట్టి ఈల్‌లను పెంచారు. 6,600 ఏళ్ల నాటి ఆ బుజ్ బిమ్ ప్రాంతాన్ని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. కాలవ చివర ఈల్‌లను పట్టేది అల్లిన బుట్టే. అక్కడి కొనీ హార్ట్ అనే ఆవిడ చిన్నప్పుడు పెద్దవాళ్లు అల్లుతుంటే దొంగచాటుగా చూసేది. ఇక తెల్లవాళ్ల పద్ధతిలో బతకాలి, నీకిది వద్దని తల్లి నేర్పలేదు. తల్లి పోయాక, అరవై దాటాక, చూసింది గుర్తు తెచ్చుకుని ఆవిడ మొదటి బుట్ట అల్లింది. తర్వాత ఎందరికో నేర్పింది. ఇప్పుడు విక్టోరియాలో మీరు చూసే ఈల్ బుట్టల శిల్పాల వెనక ఆ చూపు ఉంది.

కాబట్టి లైబ్రరీకి నిస్సందేహంగా వెళ్లండి. పిల్లల్నీ తీసుకెళ్లండి, ఆరేడేళ్లు దాటినవాళ్లకు చేతికి వస్తుంది. సాధారణంగా రాఫియా అనే తాటిజాతి చెట్టు నార ఇస్తారు, ఎందుకంటే తుంగ అందరికీ సరిపడా లేదు. పార్కులో కనిపించిన తుంగను మీరే కోయకండి, చాలాచోట్ల అది నేరం, కాకపోయినా అది వాళ్ల పంట. నేర్పే పెద్దావిడను అందరూ ఆంటీ అని పేరుతో కలిపి పిలుస్తారు, మీరూ అలాగే పిలవండి. మనకది కొత్తేమీ కాదు. అక్కడ చెప్పిన కథల్ని ఫోన్లో రికార్డు చేసే ముందు అడగండి. చనిపోయినవాళ్ల పేర్లు, ఫొటోల విషయంలో చాలా కుటుంబాలకు పట్టింపు ఉంటుంది, అదీ అడిగే తెలుసుకోండి. ఒక కథను మధ్యలో ఆపేస్తే మిగతాది అడగొద్దు. అందరికీ చెప్పే భాగం అంతేనని అర్థం.

నేర్చుకున్నది ఇంట్లో అల్లుకోవచ్చా? హాయిగా. చుట్ట కుట్టు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది, అది ఎవరి పేటెంటూ కాదు. కానీ దాన్ని ఆబొరిజినల్ బుట్ట అని అమ్మకండి, వాళ్ల కథల బొమ్మల్ని దించకండి. ఇది మర్యాద మాత్రమే కాదు. ఇండోనేషియాలో చేయించిన వస్తువులను ఆబొరిజినల్ కళ అన్నట్టు అమ్మినందుకు బిరూబి ఆర్ట్ అనే కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎవరికైనా కానుకగా కొనాలనుకుంటే ఆర్ట్ సెంటర్ నుంచో, ఇండిజినస్ ఆర్ట్ కోడ్ అనే న్యాయమైన వ్యాపార నియమావళికి ఒప్పుకున్న డీలర్ నుంచో కొనండి. అల్లినవాళ్ల పేరు, ఊరు రాసిన కాగితం ఇస్తారు.

బతుకమ్మ విషయానికొస్తే, అల్లిక వర్క్‌షాప్ పెడితే ఎవరూ ఏమీ అనుకోరు, కానీ పెట్టేది మీరు కాకూడదు. యూట్యూబ్ చూసి మీలో ఒకరు నేర్పితే అది వేరే రాఫియా క్లాసు, దానికి ఆబొరిజినల్ పేరు పెట్టొద్దు. గార్నా లేదా నరింజెరి అల్లేవాళ్లను పిలిచి వాళ్లు నేర్పితే బాగుంటుంది. స్టేజి మీద శాలువా కప్పి ఫొటో దిగి పంపేయడం మాత్రం వద్దండి, మన సంఘాల్లో అది రోగంలా తయారైంది. నీడలో బల్లలు వేసి, మూడు గంటలైనా తీరిగ్గా కూర్చునేలా చూడండి. మీ వైపు నుంచి తాటాకు అల్లడం వచ్చిన అమ్మమ్మ ఎవరైనా ఇండియా నుంచి వచ్చి ఉంటే పక్కనే కూర్చోబెట్టండి. ఇంగ్లీషు రాదని టెన్షన్ పడక్కర్లేదు. అల్లేవాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ బాగానే మాట్లాడుకుంటారు. మనవైపు మేదర్ల బుట్టల దగ్గర పది రూపాయలకు బేరమాడే అలవాటును ఇక్కడికి మోసుకురాకండి. ఫీజు, ప్రయాణం, సామగ్రి ఖర్చు ఎంతో వాళ్లనే అడిగి, చెప్పినంత ఇవ్వండి. ‘ఎక్స్‌పోజర్ వస్తుంది కదా’ అనే మాట అసలు ఎత్తొద్దు.

జులైలో ఆబొరిజినల్, టోరస్ స్ట్రెయిట్ ప్రజల సంస్కృతిని వేడుకగా జరుపుకునే నైడాక్ వారం ఉంటుంది, ఆ నెలంతా వాళ్లకు ఊపిరి సలపదు. బతుకమ్మ సెప్టెంబరు, అక్టోబరుల్లో కాబట్టి మే నెలలోనే మెయిల్ పెట్టండి. ముందు మీ కౌన్సిల్‌లో ఆబొరిజినల్ వ్యవహారాలు చూసే ఆఫీసర్‌ను అడిగితే ఎవరిని సంప్రదించాలో చెబుతారు. అదే మెయిల్లో పార్కు శిల్పాన్ని ఎవరు అల్లారు, తుంగ మడి ఏమైనా వేస్తారా అని కూడా అడిగేయండి. ఊరివాళ్లు అడిగారంటే నా మాట కన్నా త్వరగా వింటారు.